అవకాడో గింజ మీద రాస్తున్న అమ్మాయికి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అవకాడో గింజను ఇంట్లో మొలకెత్తించడం మంచి విషయం. కానీ ఎంత వెతికినా అందులో గుంటూరు కనిపించలేదమ్మా. "కుండీని బాగా ఎండ తగిలే కిటికీలో పెట్టాలి" అన్నావు. అది చలిదేశాలవాళ్ళు తమ కోసం రాసుకున్న మాట. మన రోహిణి కార్తెలో పడమటి కిటికీలో పెడితే లేత ఆకులు మాడిపోతాయి. పొద్దుటెండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి అని రాయి. నీ పాఠకులకు పనికొచ్చేది అదే.

గింజను ఎదురుగా పెట్టుకుని రాయి. వెడల్పుగా ఉన్న వైపు కిందికి, మొన పైకి. చుట్టూ మూడు టూత్‌పిక్‌లు గుచ్చి, అడుగు మాత్రం నీళ్ళలో మునిగేలా గ్లాసు అంచున నిలబెట్టాలి. ఇంతవరకు నువ్వూ చెప్పావు. ఆ తరవాత "కొన్నాళ్ళకు మొలక వస్తుంది" అని ఒక్క వాక్యంతో దాటేశావే, అసలు కథంతా అక్కడే ఉంది! రెండు వారాల నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గోధుమరంగు పొర ఊడుతుంది. గింజ నిలువునా చీలుతుంది. చీలిక అడుగు నుంచి తెల్లటి వేరు దిగుతుంది. పైన మాత్రం ఏ కదలికా ఉండదు. చాలామంది విసిగి గింజ పారేసేది ఈ దశలోనే. పాఠకుడి చెయ్యి పట్టుకుని ఆపాల్సింది ఇక్కడే. కాండం లేచాక కూడా ఆ రెండు బద్దల్ని పీకొద్దని చెప్పు, మొక్క తొలి తిండి వాటిలోనే ఉంది.

మట్టి సంగతి అసలు ఎత్తలేదు. నల్లరేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది, అవకాడో వేరు దాన్ని ఓర్చుకోదు, కుళ్ళిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, కంపోస్టు కలిపి, కుండీ అడుగున నీళ్ళు జారిపోయే దారి ఉంచమను. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే ఆకు కొసలు ఎండుతాయి. అదీ రాయి.

"ఇంట్లోనే అవకాడో పండించండి" అన్న శీర్షిక మార్చు. గింజ మొక్క కాపుకు రావడానికి ఐదేళ్ళు, పదేళ్ళు, ఇంకా పైన కూడా పట్టొచ్చు. కుండీలోది అసలు కాయకపోవచ్చు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాయాలని లేదని మనవాళ్ళకు తెలుసు కదా, ఇదీ అంతే. పండు కావాలనుకునేవాళ్ళు అంటుమొక్క తెచ్చుకోవాలి. ఆ మాట దాచితే పాఠకుణ్ణి మోసం చేసినట్టే.

అలాగని నిరుత్సాహపరచకు. ప్రపంచమంతా తినే హాస్ రకం పుట్టింది కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ పెంచిన ఒక గింజ మొక్క నుంచే. 1935లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టి హాస్ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మల అంటులే. ఆ తల్లి చెట్టు 2002లో వేరుకుళ్ళు తెగులుతో పోయింది. నువ్వు కొత్తగా రాయబోయే మట్టి పేరా పక్కన ఈ సంగతి పెట్టు, బరువు వస్తుంది.

ఔషధ గుణాల పేరా మొత్తం కొట్టెయ్. అది ఎవరైనా రాస్తారు. ఇవాళే ఒక గింజ నీళ్ళలో పెట్టి, చూసిన మార్పును తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. వేరు దిగాక వ్యాసం తిరగరాసి పంపు, అప్పుడు వాక్యాల సంగతి మాట్లాడుకుందాం.