విక్టోరియా కాలపు పింగాణీ బేసిన్, జగ్గు సెట్టు వయసు ఎలా తెలుస్తుంది?

పడకగదికి కుళాయి లేని రోజుల్లో ముఖం కడుక్కోవడానికి వాడిన సెట్టు ఇది. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో ఇవి విపరీతంగా తయారయ్యాయి.

వయసు కోసం ముందు అడుగు భాగం చూడండి. డైమండ్ ఆకారపు గుర్తుంటే ఆ డిజైన్ 1842-1883 మధ్య రిజిస్టరైంది. 1884 నుంచి దాని బదులు వరుస నంబరు వేశారు. అయితే అది డిజైన్ తేదీయే. వస్తువు ఆ తర్వాత ఎప్పుడైనా తయారై ఉండొచ్చు. ‘ఇంగ్లండ్’ అనే ముద్ర ఉంటే చాలావరకు 1891 తర్వాతిదే, ఎందుకంటే అమెరికా దిగుమతి చట్టం దేశం పేరు తప్పనిసరి చేసింది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే మాత్రం దాదాపు 20వ శతాబ్దపుదే. విక్టోరియా రాణి 1901లోనే పోయింది కదా, అంటే అది ఆమె కాలపుది కాకపోవచ్చు!

గ్లేజు (పైన ఉండే గాజులాంటి నున్నటి పూత) మీది సన్నటి పగుళ్లు చూసి మోసపోకండి, కొత్తవాటికీ అవి వస్తాయి.