టెక్ సందేహాలు: ఇంటి బోరుకి ఎంత హెచ్‌పీ? ప్రెషర్ ఎక్కడ పెంచాలి?

మధురవాడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: రెండంతస్తుల ఇల్లు, 220 అడుగుల బోరు. ఒక హెచ్‌పీ మోటారు ఈ వేసవిలో కాలిపోయింది. అది బాగున్నప్పుడు కూడా ఇరవై నిమిషాలు తిరిగితే గాలీ నీళ్లూ కలిపి కక్కేది. పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోంది. ఒకటిన్నర హెచ్‌పీ దింపి, కుళాయి తిప్పగానే మోటారుని ఆన్ చేసే ప్రెషర్ కంట్రోలర్ బిగించి, ట్యాంకుతో పని లేకుండా బోరు నుంచే కుళాయిలకి ఇచ్చేద్దామంటున్నారు షాపులో. సరేననొచ్చా?

వద్దండి. గాలి కక్కుతోందంటే మోటారు బలం చాలక కాదు, బోరు ఊరేదానికన్నా మోటారు తోడేది ఎక్కువై. విశాఖ చుట్టుపక్కల కింద ఉన్నది ఎక్కువగా ఖొండలైటు రాయి, నీళ్లు దాని పగుళ్లలోంచి ఊరి రావాల్సిందే. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకి ఆరున్నర లీటర్లే నిలవ ఉంటాయి, అంటే మోటారు మీద వంద అడుగుల నీళ్లున్నా అవి 650 లీటర్లు, నిమిషానికి 35 లీటర్లు లాగే మోటారుకి ఇరవై నిమిషాల పని. మీ లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది చూడండి. ఒకటిన్నర హెచ్‌పీ పెడితే ఇంకా ముందే ఖాళీ చేస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే, అవి లేకుండా తిరిగితే వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) కాలిపోతుంది. పాతది కూడా అలాగే పోయి ఉండొచ్చు.

ఇప్పుడు మోటారు పైకి తీసే ఉంది కాబట్టి ముందు ఒక పని చేయండి. నైలాన్ తాడుకి బరువైన నట్టు కట్టి పొద్దున్నే బోరులోకి వదిలి, పైకి లాగాక పొడిగా ఉన్న భాగాన్ని టేపుతో కొలవండి, నీటి మట్టం తెలుస్తుంది. మోటారు నడుస్తున్నప్పుడు అది ఇంకా దిగుతుంది, లెక్కకి కావాల్సింది ఆ దిగిన మట్టమే. అది 110 అడుగులనుకుందాం, నేల నుంచి డాబా మీద ట్యాంకు మూతికి 35, పైపులో రాపిడికి ఇంకో 15, మొత్తం 160 అడుగులు, అంటే 49 మీటర్లు. బోరు 220 అడుగులన్నది ఈ కూడికలోకి రాదు! ఏ ఎత్తుకి ఎన్ని నీళ్లిస్తుందో చెప్పే కంపెనీ పట్టికలో 49 మీటర్ల దగ్గర నిమిషానికి ఇరవై లీటర్ల చుట్టుపక్కల ఇచ్చే పంపు చూసుకోండి, దానికి ముప్పావు లేదా ఒక హెచ్‌పీ చాలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే గరిష్ఠ హెడ్ (నీళ్లు ఎక్కగల ఎత్తు) చూసి మాత్రం కొనొద్దు, ఆ ఎత్తుకి పంపు నీళ్లు తీసుకెళ్తుంది గానీ బయటికి చుక్క ఇవ్వదు.

మోటారు ప్యానెల్ బోర్డులో డ్రై రన్ ప్రొటెక్షన్, అంటే నీళ్లు లేకుండా తిరగనివ్వని రక్షణ, తప్పనిసరి. నీళ్లు అయిపోతే మోటారు తీసుకునే ఆంపియర్లు పడిపోతాయి, అది చూసి ఆపేస్తుంది. మళ్లీ స్టార్ట్ కావడానికి గంట, గంటన్నర గడువు పెట్టుకోండి, బోరు ఊరడానికి టైమ్ ఇవ్వాలి కదా.

ఇక షవర్ సంగతి. ట్యాంకు నుంచి షవర్‌కి ఎత్తు ఎనిమిది అడుగులైతే వచ్చే ప్రెషర్ పావు బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) కూడా ఉండదు. దానికి బోరు మోటారుని ఇబ్బంది పెట్టడం దేనికి? డాబా మీది ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపుకి అర హెచ్‌పీ ప్రెషర్ పంపు పెట్టండి. పంపు మీదే బిగించే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ చవక, కానీ ఏ కుళాయి కారుతున్నా రాత్రంతా ఆన్, ఆఫ్ అవుతూ ప్రాణం తీస్తుంది. నా ఓటు 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు (లోపల గాలి నొక్కుడుతో నీళ్లు నిలవ ఉంచే చిన్న ట్యాంకు), ప్రెషర్ స్విచ్‌కే. 1.2 బార్‌కి ఆన్, 2.2కి ఆఫ్ పెట్టుకుంటే ఏడు లీటర్ల దాకా పంపు తిరగకుండానే వస్తాయి. ఈ ప్రెషర్ ట్యాంకులో గాలి ఆన్ పాయింటు కన్నా కాస్త తక్కువగా, 1.05 బార్ ఉండాలి, నీళ్లు పూర్తిగా వదిలేశాకే గేజితో చూడాలి. ఆరు నెలలకోసారి ఈ గాలి చూసుకోకపోతే ట్యాంకు ఉన్నా లేనట్టే. పంపు ఇవ్వగల ప్రెషర్ ఆఫ్ పాయింటు కన్నా బాగా ఎక్కువ ఉందో లేదో కొనేముందే అడగండి, లేకపోతే అది ఎప్పటికీ ఆగదు.

పెదవాల్తేరు నుంచి: ఫోన్‌లో ఆన్, ఆఫ్ చేసుకోడానికి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కి మోటారు తగిలించొచ్చా?

నేరుగా వద్దు. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ప్లగ్‌లోని చిన్న రిలే (లోపలి స్విచ్) అతుక్కుపోతే యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ప్లగ్‌తో కాంటాక్టర్‌ని (పెద్ద కరెంటుని తట్టుకునే స్విచ్) నడిపించి, కాంటాక్టర్‌తో మోటారుని నడిపించేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయించండి. వైఫై లేనప్పుడు కూడా డ్రై రన్, ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ పనిచేయాలి, కాబట్టి వాటిని యాప్‌కి అప్పజెప్పకండి.

భీమిలి బీచ్ దగ్గర కొత్త ఇంటి బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయని ఒకరు రాశారు.

ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కొలిపించండి. తాగునీటికి లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. బోరులోకి జీఐ (జింకు పూత ఇనుము) పైపు వేయొద్దు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కాలమ్ పైపు వేసి, పంపు ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం స్టీలు ఉన్నది అడగండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన మట్టం ఒక మీటరు తగ్గితే కింద ఉప్పునీరు నలభై మీటర్ల దాకా పైకి రావచ్చు. అందుకే మీకు కూడా చిన్న మోటారే, కొద్దికొద్దిగా, రోజులో నాలుగైదు సార్లు.