కౌంటీతో హెల్త్ కాంట్రాక్టు: సంతకానికి ముందు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కాలిఫోర్నియాలో మీ సిటీ ఆరోగ్య తనిఖీల పని కౌంటీకి (మన జిల్లా లాంటి ప్రభుత్వానికి) అప్పగించిన హెల్త్ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు నీ బల్ల మీదికి వచ్చిందనీ, రేటు ఎంత పెంచారనే అందరూ అడుగుతున్నారనీ రాశావు. రేటు సంగతి తర్వాత. ముందు సిటీ క్లర్క్ చేత రెండు పాత కాగితాలు తీయించు. ఒకటి, కౌంటీ హెల్త్ ఆఫీసర్‌కు మీ కౌన్సిల్ ఎప్పుడో సమ్మతి తెలిపిన తీర్మానం. రెండోది, కౌంటీతో రాసుకున్న ఒప్పందం. రెండూ ఒకటే అనుకుంటేనే చిక్కు.

కాలిఫోర్నియా హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 101460 సెక్షన్ ప్రకారం ప్రతి సిటీ ఒక హెల్త్ ఆఫీసర్‌ను నియమించుకోవాలి, లేదా ఆ బాధ్యత కౌంటీకి అప్పగించాలి. 101375 కింద కౌన్సిల్ సమ్మతిస్తే కౌంటీ ఆఫీసర్ మీ ఊళ్లో రాష్ట్ర చట్టాలనూ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వులనూ అమలు చేస్తాడు. అంతవరకే. మీ సిటీ సొంతంగా చేసుకున్న ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) జోలికి ఆయన మనుషులు రావాలంటే 101400 కింద ఒప్పందం కావాలి. డబ్బు, రేటు, గంటలు అన్నీ సాధారణంగా ఈ రెండో దానికి సంబంధించినవే.

అందుకని ఒక పట్టిక వేసుకో. పని ఏమిటి, ఏ చట్టం కింద, డబ్బు ఎవరిది, కేసు పెట్టాల్సి వస్తే ఎవరి లాయరు. హోటల్ తనిఖీ రాష్ట్ర రిటైల్ ఫుడ్ కోడ్ కిందికి వస్తుంది, ఖర్చు హోటల్ కట్టే పర్మిట్ ఫీజులోంచి పోతుంది, సిటీ పైసా ఇవ్వక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో పొగ తాగకూడదని మీరు ఆర్డినెన్స్ చేసుకుంటే అది పూర్తిగా మీ ఖర్చు, మీ అటార్నీ. దోమల పని చాలా చోట్ల కౌంటీ హెల్త్‌ది కాదు, దానికి విడిగా 'డిస్ట్రిక్ట్' అనే ప్రత్యేక సంస్థ ఉంటుంది. దానికి ఇంటి పన్నుతోపాటే డబ్బు వెళ్తూ ఉంటుంది, ఇక్కడ మళ్లీ రాసుకోకండి.

ఆ పట్టికలో కుక్క కాటు గడి దగ్గర కాస్త ఆగు. కాటు సమాచారం చేరాల్సింది హెల్త్ ఆఫీసర్‌కు. కరిచిన కుక్కను 10 రోజులు విడిగా ఉంచి గమనించాలి. కానీ కుక్కను పట్టేది యానిమల్ కంట్రోల్, దానికి మీకు వేరే కాంట్రాక్టు ఉండి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం కాటు జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, పదో రోజున కుక్కను ఎవరు చూసి వదలాలి అన్నది రెండు కాంట్రాక్టుల్లోనూ ఒకే మాటగా ఉండాలి. లేదంటే ఎవరికి వారు అవతలివాళ్లు చూసుకుంటున్నారనుకుంటారు.

కౌంటీ హెల్త్ కోడ్‌ను మీ సిటీ 'ఫలానా తేదీ నాటికి ఉన్నది ఉన్నట్టు' అని తన చట్టంగా స్వీకరించి ఉంటే, ఆ తర్వాత కౌంటీ బోర్డు చేసిన సవరణలు మీ ఊరికి వాటంతట అవి రావు. ఇన్‌స్పెక్టర్ కొత్త కోడ్ ప్రకారం నోటీసు ఇస్తాడు, అవతలి లాయరు పాత తేదీ చూపించి కొట్టేయిస్తాడు. సవరణ అయిన ప్రతిసారీ కౌంటీ మీకు ఇన్ని రోజుల్లోగా తెలియజేయాలని ఒక క్లాజు పెట్టించు. సవరణతో మళ్లీ స్వీకరించడానికి బహిరంగ విచారణ జరపాలి, దానికి పట్టే వారాలు కూడా లెక్కలో ఉంచుకో.

మనవాళ్లు నిన్ను తప్పకుండా అడిగేది ఇంటి వంట గురించి. ఇంట్లో వండి భోజనాలు అమ్ముకునే మైక్రోఎంటర్‌ప్రైజ్ హోమ్ కిచెన్ పర్మిట్‌కు రోజుకు 30, వారానికి 90 భోజనాలు పరిమితి. అసలు ఈ పర్మిట్లు ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆహార తనిఖీ అధికారం ఉన్న ప్రభుత్వం. సొంత హెల్త్ డిపార్ట్‌మెంట్ లేని సిటీకి అందులో ఓటు లేదు. కౌంటీ ఒప్పుకుంటే దాని కింది సిటీలన్నిటికీ వర్తిస్తుంది, జోనింగ్ (ఏ స్థలంలో ఏ పని చేయొచ్చనే నిబంధనలు) పేరు చెప్పి ఆపడం కుదరదు. దోసెల ఆంటీ మీద ఫిర్యాదు వస్తే మీ కౌన్సిల్ మెంబరుకు ఈ మాట ముందే చెప్పి ఉంచు.

ఇక రేటు. గంట రేటులో జీతం, బెనిఫిట్లు, ఓవర్‌హెడ్ (ఆఫీసు నిర్వహణ ఖర్చు) ఎంతెంతో విడగొట్టి చూపించమను. ఏడాదికి జీతం ఇచ్చే గంటలు 2,080. సెలవులూ ట్రైనింగూ పోగా పనికి మిగిలేవి సుమారు 1,700. రేటును ఏ అంకెతో భాగించి తేల్చారో అడుగు. తర్వాత పని లెక్క. ఉదాహరణకు 120 తనిఖీలు, ప్రయాణమూ రిపోర్టూ కలిపి ఒక్కోదానికి గంటన్నర అంటే 180 గంటలు. నాలుగో వంతుకు మళ్లీ వెళ్లాలి, గంట చొప్పున 30. విచారణకు వెళ్లేవి 10 అనుకుంటే నాలుగేసి గంటల చొప్పున 40. మొత్తం 250 గంటలు. బిల్లు పెరిగేది సాధారణంగా చివరి రెండు వరసల్లోనే, డ్రాఫ్టులో కనబడనివీ అవే. గరిష్ఠ మొత్తం రాయించు. దాన్ని దాటేలా ఉంటే ముందుగా రాతపూర్వకంగా అడగాలి. కొత్త రేటు ఫిబ్రవరికల్లా చెప్పాలి. మేలో చెబితే జులై 1 బడ్జెట్‌కు నీకు చోటుండదు.

రిపోర్టులు జిప్ కోడ్ వారీగా తీసుకోవద్దు. జిప్ కోడ్ సిటీ హద్దుల్ని పట్టించుకోదు. పక్క సిటీ హోటల్ తనిఖీ మీ ఖాతాలో పడుతుంది, మీ చివరి వీధిలోది వాళ్ల ఖాతాలోకి పోతుంది. సిటీ హద్దుల జీఐఎస్ ఫైలు (కంప్యూటర్ మ్యాపు) నువ్వే ఇచ్చి, అడ్రసు వారీ జాబితా మూడు నెలలకోసారి ఇన్వాయిస్‌తో జతచేయమను. కొత్తగా సిటీలో కలుపుకున్న ప్రాంతం ఏదైనా ఉంటే ఫైలు మార్చి పంపడం నీ పని.

నష్టపరిహారం క్లాజు మీ అటార్నీ చూస్తారు. గవర్నమెంట్ కోడ్ 895.2 ప్రకారం ఒప్పందంలోని ప్రభుత్వాలు రెండూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. ఎవరి ఉద్యోగి తప్పు వాళ్లదేనని 895.4 కింద రాసుకోకపోతే మీరు చేయని తప్పుకూ కట్టాల్సి రావచ్చు. ఆ మాట ఉందా అని ఆయన్ను అడిగావా లేదా అని మాత్రం చూసుకో.

కౌన్సిల్‌కు జీర్ణం కాని విషయం ఇంకొకటి ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే కార్పొరేషన్ కమిషనర్ హెల్త్ ఆఫీసర్‌ను పిలిచి పని చెప్పగలడు. ఇక్కడ డబ్బిచ్చినా సిటీ మేనేజర్ కౌంటీ హెల్త్ ఆఫీసర్‌కు ఆజ్ఞ ఇవ్వలేడు. అంటువ్యాధుల కట్టడి అధికారం చట్టం ఆ ఆఫీసర్‌కే ఇచ్చింది, ఏ క్లాజూ దాన్ని తగ్గించదు. 2020 నవంబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ రెస్టారెంట్లలో ఆరుబయట భోజనం కూడా ఆపేస్తే కొన్ని సిటీలకు మండింది. 2021లో ఆ కౌంటీలోని వెస్ట్ కోవినా సిటీ కౌన్సిల్ కౌంటీ హెల్త్ నుంచి విడిపోతామని తీర్మానించింది కూడా. అయినా కాలిఫోర్నియాలో సొంత హెల్త్ జురిస్‌డిక్షన్ (కౌంటీతో పనిలేని సొంత ఆరోగ్య విభాగం) ఉన్న సిటీలు బర్క్‌లీ, లాంగ్ బీచ్, పాసడీనా మూడే. తీర్మానం ఒక్క రాత్రిలో అయిపోతుంది. డాక్టరు, రిజిస్టర్డ్ ఇన్‌స్పెక్టర్లు, నర్సులు, ల్యాబు ఏర్పాటు ఎవరు చేస్తారు? అందుకే విడిపోయే నోటీసు కనీసం ఏడాది ఉండనీ. నడుస్తున్న కేసుల ఫైళ్లు ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో అప్పగించాలో ఇప్పుడే రాయించు.

డ్రాఫ్టు వచ్చాక ఎగ్జిబిట్లు (చివర జతచేసే కాగితాలు) ముందు చదువు. గంటలూ హద్దులూ ఫోన్ నంబర్లూ ఉండేది అక్కడే. పట్టిక వేశాక పంపు, ఖాళీ గడులు చూసి చెప్తాను.

మీ పెదనాన్న