క్రోమోజోములు 46 ఉన్నా డౌన్ సిండ్రోమ్ ఎలా వచ్చింది?

మూడు నెలల బాబు రిపోర్టులో "46, ఎక్స్‌వై, డెర్(14;21)(క్యూ10;క్యూ10), +21" అని ఉంది, 46 అంటే నార్మలే కదా అని అడిగారు. లెక్క 46కే వచ్చింది, నిజమే. కానీ అందులో ఒకటి అతుకు క్రోమోజోము. 14వ దానికి 21వది అంటుకుపోవడంతో రెండూ కలిసి ఒక్కటిగా లెక్కకొచ్చాయి. అది కాక విడిగా రెండు 21లు ఉన్నాయి. మొత్తం మీద 21వది మూడు ప్రతులు, ఉండాల్సింది రెండే. డౌన్ సిండ్రోమ్‌కి కారణం ఇదే.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు 95 శాతం మందికి మూడు 21లూ విడిగానే ఉండి లెక్క 47 వస్తుంది. మీ బాబుది 3–4 శాతం మందిలో కనిపించే ట్రాన్స్‌లొకేషన్ (అతుకు) రకం. బాబు ఎదుగుదలలో దీనివల్ల చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా మీ తర్వాతి కాన్పుకే.

కాబట్టి ముందు మీరిద్దరూ కేరియోటైప్ (క్రోమోజోములను లెక్కపెట్టి, వాటి ఆకారం చూసే పరీక్ష) చేయించుకోండి. 2–3 మి.లీ. రక్తం చాలు, కానీ ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులోనే తీయాలి. కణాలు బతికుండి ల్యాబులో సుమారు 72 గంటలు పెరగాలి కదా, ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తే కల్చర్ పాడై మళ్లీ సూది తప్పదు. ఫిష్ (క్రోమోజోములకు మెరిసే రంగు గుర్తులు పెట్టి చూసే) పరీక్షతో సరిపెడతామంటే ఒప్పుకోకండి. అది 21లు ఎన్నో చెబుతుంది గానీ అతుకు ఉందో లేదో మామూలుగా తేల్చదు.

మీలో ఎవరికైనా అతుకు ఉంటే లెక్క 45 వస్తుంది. కంగారు పడొద్దు, ముఖ్యమైన జన్యు సరుకేమీ తగ్గలేదు గనక వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. అండంలోకో వీర్యకణంలోకో అతుకుతో పాటు విడి 21 కూడా వెళ్లినప్పుడే బిడ్డకు డౌన్ సిండ్రోమ్. తల్లికి అతుకు ఉంటే తర్వాతి బిడ్డకు ముప్పు 10–15 శాతం, తండ్రికి ఉంటే అంతకంటే చాలా తక్కువ. ఇద్దరికీ లేకపోతే బాబులోనే కొత్తగా ఏర్పడినట్టు. ఎక్కువ కేసులు ఇలాంటివే.

మేనరికం వల్లే అని ఇంట్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. మేనరికంతో ముప్పు పెరిగేది థలసీమియా లాంటి జబ్బులకు, ఈ అతుక్కి కాదు.

బాబుకి గుండె ఎకో (గుండె స్కానింగ్) అయిందా? ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, స్టెతస్కోపుకి ఏమీ వినబడకపోయినా సరే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఆరో నెలలో, ఏడాదికి, ఆపైన ఏటా చూపించండి. మీ ఇద్దరిలో ఎవరికైనా 45 వస్తే వాళ్ల తోబుట్టువులకూ ఇదే పరీక్ష చెప్పండి, పెళ్లి కాని చెల్లెలుంటే మరీ.