పోయినవాళ్ళ సంగతి తర్వాత అడుగు

చి. స్వాతికి, మావయ్య ఆశీస్సులు.

జాజ్ సాక్సఫోను వాయించే ఆ పెద్దాయనతో ఇంటర్వ్యూ కోసం నువ్వు రాసి పంపిన ప్రశ్నల జాబితా చూశాను. మొత్తం ఇరవై నాలుగు. మొదటిది "సంగీతంలోకి ఎలా వచ్చారు?" రెండోది "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" ఏడో ప్రశ్నకల్లా ఎప్పుడో పోయిన ట్రంపెట్టు మేటి మైల్స్ డేవిస్ వచ్చేశాడు, తొమ్మిదికి సాక్సఫోను కోల్‌ట్రేన్, ఆయనా పోయినవాడే. ఈ పెద్దాయన మొన్న మొన్ననే రికార్డు చేసిన ఆల్బం సంగతి మాత్రం ఇరవై మూడో ప్రశ్నలో, పెళ్ళి ఫొటోలో వెనక వరస పిల్లాడిలా తొంగిచూస్తోంది. ఆ జాబితాని తలకిందులు చెయ్యమ్మా. నేను చెప్పదలుచుకున్నది అంతే. ఎందుకంటున్నానో మాత్రం కాస్త ఓపిగ్గా చదువు.

1980ల్లో నేను పగలు ఇంజనీరుని, ఆదివారం రాత్రి ఒక చిన్న కాలేజీ రేడియోలో జీతం లేని అనౌన్సరుని. మొదటిసారి మాట్లాడ్డానికి వెళ్ళింది న్యూజెర్సీ ఈస్ట్ ఆరెంజ్‌లో ఒక బేస్ (మనిషెత్తు తీగవాద్యం) వాయించే ఆయన ఇంటికి. డెబ్భై దాటిన మనిషి. పెద్ద పెద్ద బ్యాండ్లలో నలభై ఏళ్ళు వెనక నిలబడి వాయించాడు. వంటింటి బల్ల మీద టేప్ రికార్డరు పెట్టి నేను అడిగిందేమిటి? ఫలానా ఆయన ఎలా ఉండేవాడు, ఫలానా ఆవిడ ఎలా పాడేది. పాపం, మర్యాదస్తుడు, అన్నిటికీ చెప్పాడు. అవి అంతకుముందు వందసార్లు చెప్పిన జవాబులని, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆగాలో కూడా ఆయనకి కంఠతా వచ్చేసిందని ఇంటికొచ్చి విన్నాక గానీ నాకు తెలియలేదు.

టేపు అయిపోయింది. వైరు చుట్టేస్తున్నాను. అప్పుడాయన లోపలికెళ్ళి ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పరిచాడు. నాలుగు బేస్‌లకి, ఇంకే వాయిద్యం లేకుండా, తను రాస్తున్న సంగీతం. అంతా పెన్సిల్ రాత. చెరిపి చెరిపి కొన్నిచోట్ల కాగితం పల్చబడిపోయింది, మడతల్లో రబ్బరు పొట్టు. రెండో పేజీలో ఒకచోట వేలు పెట్టి "ఇక్కడ మూడు నెలల్నుంచి ఇరుక్కుపోయాను" అన్నాడు. ఆ నాలుగు వరసల్నీ ఒకదాని తర్వాత ఒకటి కూనిరాగం తీసి వినిపించాడు. ఎడమచేతి వేళ్ళు బల్ల అంచు మీద, అక్కడ తీగలున్నట్టే, కదులుతున్నాయి. వేళ్ళ చివరలు కాయలు కాసి పసుప్పచ్చగా ఉన్నాయి. ఇరవై నిమిషాలు అలా సాగింది. నా రికార్డరు బ్యాగులో ఉంది.

అప్పటినుంచి నేను వైరు చుట్టడానికి అరగంట తీసుకుంటాను. గుమ్మం దాటేదాకా రికార్డరు ఆపనని ముందే వాళ్ళకి చెప్పేస్తాను కూడా. చెప్పకుండా చేస్తే దొంగతనం.

జాజ్‌లో నూటికి తొంభై మంది బతుకు సైడ్‌మన్‌గానే, అంటే వేరే లీడరు బ్యాండులో వాయిస్తూనే గడుస్తుంది. ఇవాళ ఒకరి బ్యాండు, రేపు ఇంకొకరిది. అలాంటివాళ్ళ దగ్గరికెళ్ళి లీడర్ల గురించే అడగడమంటే పల్లకీ మోసినవాణ్ణి పల్లకీలో కూర్చున్నవాడి గురించి అడగడం. అందులోనూ పోయినవాళ్ళ గురించి! ఎనభై ఏళ్ళ మనిషి పొద్దున్నే లేచి రెండు గంటలు సాధన చేసుకుని, మధ్యాహ్నం బ్యాండు వాయించడానికి కొత్త సంగీతం కాగితం మీద రాసుకుని కూర్చుంటే, నువ్వొచ్చి 1960 గురించి అడుగుతావు. మనసు ఎంత చివుక్కుమంటుందో ఆలోచించు.

కొత్తదాని గురించి అడిగితే పాతది రాదేమోనని నీ భయం. నేనూ భయపడ్డాను. కానీ "ఈ ఆల్బంలో పియానో ఎందుకు పెట్టలేదు?" అని అడిగి చూడు. ఆయన కాసేపు ఆలోచించి, పియానో ఉంటే తను వెళ్ళే దారిని అది ముందే గీసేస్తుందని చెప్తాడు. అక్కణ్ణుంచి తనంతట తనే 1957 నవంబరులో సాక్సఫోను వాయించే సోనీ రోలిన్స్ న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానో లేకుండా బేస్, డ్రమ్స్ మాత్రం పెట్టుకుని వాయించిన రాత్రికి వెళ్తాడు. ఆ రికార్డు మొదటిసారి ఎవరింట్లో విన్నాడో చెప్తాడు. నువ్వు "ప్రభావాలు" అని అడిగితే వచ్చేది పది పేర్ల జాబితా. ఇలా అడిగితే ఒక గది, ఒక గ్రామఫోను, ఆ ఇంటి పెద్దావిడ తిట్లు కూడా వస్తాయి.

కొత్త పని అంటే కొత్త ఆల్బమే కానక్కర్లేదు. పియానిస్టు జేసన్ మొరాన్‌ని చూడు. పాతతరం పియానిస్టు థెలోనియస్ మంక్ 1959లో న్యూయార్క్ టౌన్ హాల్లో పెద్ద బ్యాండుతో చేసిన కచేరీని తీసుకుని 2007లో తన పద్ధతిలో కొత్తగా కట్టాడు. దానికి ముడిసరుకు ఎక్కడిదనుకున్నావు? యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫరు సిక్స్త్ అవెన్యూలో తనుండే పాత మేడలో గోడలకీ మెట్లకీ మైకులు బిగించి, 1957 నుంచి ఎనిమిదేళ్ళ పాటు దాదాపు 4,000 గంటలు రికార్డు చేసిపెట్టాడు. ఆ కచేరీకి మంక్, ఆయన పాటల్ని బ్యాండుకి అమర్చి రాసిన హాల్ ఓవర్టన్ కూర్చుని పని చూసుకున్న సంభాషణలు కూడా అందులో ఉన్నాయి. ఎవరూ ప్రశ్నలు అడగని సంభాషణలు అవి. వినడానికి దొరికితే విను. ఇద్దరు పనివాళ్ళు పని గురించి ఎలా మాట్లాడుకుంటారో తెలుస్తుంది. మనం ఎంత బాగా అడిగినా ఆ స్థాయికి చేరం అనుకో.

అందుకే పనివాణ్ణి పని గురించి అడుగు. "స్ఫూర్తి" అనే మాట నీ జాబితాలో అయిదుసార్లు ఉంది, కొట్టెయ్యి. ఆ కచేరీకి మిమ్మల్ని ఎవరు పిలిచారు? రిహార్సలు ఎన్నిసార్లు జరిగింది? స్టాండు మీద కాగితం ఉందా, చెవితోనే పట్టుకోమన్నారా? తప్పు వాయిస్తే లీడరు ఏమన్నాడు? ఎంత ఇచ్చారు? డబ్బు సంగతి అడగడానికి మనవాళ్ళకి సిగ్గు. వాళ్ళకి లేదు. యాభై ఏళ్ళ నాటి కచేరీకి ఎన్ని డాలర్లు చేతిలో పెట్టారో, అందులో ఇంకా రావలసింది ఎంతో ఠక్కున చెప్తారు.

కష్టాల గురించి అడగాల్సి వస్తే కాగితాల మీదుగా వెళ్ళు. న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట పాడాలన్నా వాయించాలన్నా ఒకప్పుడు పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. కేసు పడితే కార్డు పోయేది. మంక్ కార్డు 1951లో పోయి 1957లో గానీ తిరిగి రాలేదు. గాయని బిల్లీ హాలిడే జైలు నుంచి వచ్చాక 1948లో కార్నెగీ హాల్లో పాడింది. అదే ఊళ్ళో చిన్న క్లబ్బులో పాడ్డానికి మాత్రం ఆవిడకి కార్డు లేదు. ఆ పద్ధతి 1967 దాకా ఉంది. పాతతరం మనిషిని "జాతి వివక్ష ఎదుర్కొన్నారా?" అని అడిగితే మొహం చూసి నిట్టూరుస్తాడు. "మీ కార్డు ఎక్కడ తీసుకున్నారు, వేలిముద్రలు వేయించారా?" అని అడుగు, ఆ ఆఫీసు బెంచీ దగ్గర్నుంచి మొదలుపెడతాడు. మత్తుమందుల కథల కోసం తవ్వొద్దు. వాళ్ళు చెప్తే విను, ఆ తర్వాత కూడా దాన్ని శీర్షిక చెయ్యకు.

ఒంట్లో ఎలా ఉంది, వైద్యం ఎలా జరుగుతోంది అని మాత్రం తప్పకుండా అడుగు. వీళ్ళలో చాలామందికి ఉద్యోగం లేదు, కాబట్టి ఇన్సూరెన్సూ లేదు. మాకు దగ్గర్లోనే ఎంగిల్‌వుడ్ ఆసుపత్రిలో ట్రంపెట్టు వాయించే డిజీ గిలెస్పీ 1993 జనవరిలో పోయాడు. డబ్బులేని వాద్యకారులకి అక్కడ ఉచితంగా వైద్యం జరగాలని ఆయన కోరిక. ఆయన పేరు మీదే నిధి పెట్టి చేస్తున్నారు. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మోకాలు చూపించుకోవడానికి వెళ్ళొచ్చిన ఒక డ్రమ్మరు చెప్పాడు.

వాళ్ళు చెప్పే తేదీల దగ్గర జాగ్రత్త. ట్రంపెట్టు వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం తను 1900 జులై 4న పుట్టానని చెప్పుకున్నాడు. ఆయన పోయాక పదేళ్ళకి పైగా గడిచి, చర్చిలో బాప్తిస్మం రికార్డు దొరికితే తేలింది, 1901 ఆగస్టు 4 అని. కాబట్టి ఇంట్లో సరిచూసుకో. మనిషి ముందు సరిదిద్దకు. నేనొకసారి అత్యుత్సాహంతో "కాదండీ, ఆ రికార్డింగు మార్చిలో జరిగింది" అన్నాను. ఆయన "అయితే నువ్వే చెప్పు" అని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆ తర్వాత గంటంతా నాకు దొరికినవి అవును, కాదు, ఏమో.

వాయిద్యం దగ్గర్లో ఉన్న గదే చూసుకో. కాఫీ షాపు వద్దు, కప్పుల చప్పుడు ఒకటి, చేతులు ఖాళీగా ఉండటం ఒకటి. 1938లో జానపద సంగీతం సేకరించే ఆలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తొలితరం జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్‌ని పియానో ముందే కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆయన న్యూ ఓర్లీన్స్ గురించి చెప్తూనే చెప్పినదాన్ని వాయించి చూపించాడు. జాజ్‌ని కనిపెట్టింది తానే అన్న గొప్పలు కూడా ఉన్నాయి, ఉండనీ. పియానిస్టు మారియన్ మెక్‌పార్ట్‌లాండ్ అయితే 1978లో మరో పియానిస్టు మేరీ లూ విలియమ్స్‌తో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళకి పైగా రేడియోలో అతిథితో పాటు తనూ పియానో దగ్గర కూర్చుని మాట్లాడింది. ఆర్ట్ టేలర్ అనే డ్రమ్మరు తోటివాళ్ళతో చేసిన సంభాషణలు 1977లో తనే పుస్తకంగా వేసుకున్నాడు. విలేఖరులకి చెప్పని మాటలు వాళ్ళు అతనికి చెప్పారు. మనకి వాయించడం రాదు, నిజమే. అంతమాత్రాన తెలిసినట్టు నటించకు. "ఆ రెండో స్వరాల గుత్తి దగ్గర ఏదో మారింది, ఏమిటో పట్టుకోలేకపోయాను, మళ్ళీ వాయిస్తారా?" అంటే ఏ వాద్యకారుడూ కాదనడు.

మొదట్లో నేను తెలుగువాణ్ణని, నా యాస వింటే నవ్వుతారని బెదిరిపోయేవాణ్ణి. ఒకసారి ఒక గిటారిస్టు ముభావంగా కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. మాటల్లో ఎక్కణ్ణుంచి వచ్చావన్నాడు. మా ఊరు చెప్తే ఆయనకి ఏం తెలుస్తుంది? పాలకొల్లు దగ్గర అన్నాను, అదీ తెలియకపోతే హైదరాబాదు అందామని. ఆయన కుర్చీలోంచి లేచాడు. "మాండలిన్ శ్రీనివాస్ ఊరా?" గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బ్యాండు 'రిమెంబర్ శక్తి'లో శ్రీనివాస్ వాయించింది విని ఆ గమకాల కోసం తన గిటారు తీగలు మార్చి మార్చి చూశాడట. ఆ తర్వాత రెండు గంటలు నేను ఏమీ అడగలేదు. మన దగ్గర పక్కవాద్యం వాయించేవాళ్ళు ఏం చేస్తారో అదే చేశాను, అంటే ఆయన ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న మాట వేసి ఊరుకున్నాను.

ఆ ఊరుకోవడం నీకు కష్టం. మీ అమ్మ పోలిక. ఆయన ఆగగానే ఇంకో ప్రశ్న వెయ్యాలని నాలుక దురదపెడుతుంది. మనసులో ఎనిమిది లెక్కపెట్టు. వాళ్ళకి ఖాళీ వదలడం అలవాటు, దాన్ని వాళ్ళే నింపుతారు.

ఇంకా కొన్ని చిల్లర సంగతులు. మధ్యాహ్నం పన్నెండు లోపల ఫోను చెయ్యకు, పడుకునేసరికి తెల్లవారుజామవుతుంది వాళ్ళకి. వాన్‌గార్డ్‌లో ఎనిమిదింటికో సెట్టు (అంటే ఒక విడత వాయింపు), పదింటికో సెట్టు ఉంటుంది. మధ్యలో దొరికారు కదా అని మీద పడకు, అది వాళ్ళు తినే టైము. రెండో సెట్టయ్యాక బల్ల మీద పెట్టిన సీడీ డబ్బులిచ్చి కొను, ఊరికే ఇస్తానన్నా కొను. "జాజ్" అనే మాట అందరికీ నచ్చదు. ట్రంపెట్టు వాయించే నికొలస్ పేటన్ 2011లోనే ఆ పేరు వద్దు, బ్లాక్ అమెరికన్ మ్యూజిక్ అనండి అని రాశాడు. కాబట్టి ఏమనాలో వాళ్ళనే అనిపించు. ఆడవాళ్ళని "ఆడవారై ఉండి ఈ రంగంలో..." అని మొదలుపెట్టావంటే నేను నీతో మాట్లాడను. ట్రంపెట్టు వాయించే అమ్మాయిని ట్రంపెట్టు గురించి అడుగు.

వెళ్ళేముందు ఒక రోజు న్యూజెర్సీ న్యూవార్క్‌లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్‌కి వెళ్ళు. 1970ల్లో మొదలైన మౌఖిక చరిత్రలు అక్కడ వందకు పైగా ఉన్నాయి. ఒకటి రెండు చదివితే అడిగేవాడు ఎక్కడ అడ్డుపడి కథని తెంచేశాడో నీకే కనిపిస్తుంది.

వచ్చే ఆదివారం ఇంటికి రా. బేస్‌మెంటులో నా క్యాసెట్లు అట్టపెట్టెలో ఉన్నాయి. ఆ బేస్ ఆయన టేపు కూడా ఉంది. చివర్న నా గొంతు "చాలా థ్యాంక్సండీ" అంటుంది, వెనకాల ఆయన కుర్చీ జరిపి లేచిన చప్పుడు వినిపిస్తుంది, టక్కున ఆగిపోతుంది. అత్తయ్య ఆవపెట్టి పనసపొట్టు కూర చేస్తానంది, ఆకలితో రా.

మీ మావయ్య