ఈఎంటీ అయ్యాను, పారామెడిక్ కోర్సులో ఇప్పుడే చేరాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ ఉంది. నాకు 31 ఏళ్లు, గుంటూరులో బీఎస్సీ చదివాను. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. మావారి జీతం ఏడాదికి 82,000 డాలర్లు. ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో ప్రాథమిక చికిత్స చేసేవారి పరీక్ష పాసై నాలుగు నెలల కిందట ఒక ప్రైవేటు అంబులెన్స్ కంపెనీలో చేరాను. గంటకు 18 డాలర్లు, వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు. ఇక్కడే, అంతకన్నా పై స్థాయి శిక్షణ ఉన్న పారామెడిక్‌కు గంటకు 26 ఇస్తున్నారు. ఒక ప్రైవేటు సంస్థ వచ్చే నెలలోనే చేరమంటోంది: 10 నెలల కోర్సు, 16,000 డాలర్లు, నెలకు 1,600 చొప్పున కట్టాలి. కమ్యూనిటీ కాలేజీలో అయితే ఎనిమిది నెలలు ఆగాలి, కోర్సు 14 నెలలు, పుస్తకాలతో కలిపి 7,500. రెండేళ్ల బాండ్ రాస్తే, కాలేజీ కోర్సు పాసయ్యాక మా కంపెనీ 5,000 ఇస్తుందట. పొదుపు 9,000 ఉంది, నెలకు 600 దాకా మిగులుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: కాలేజీలో చేరండమ్మా. ఆ ఎనిమిది నెలలు ఆగడమే మీ ఇంటికి మేలు.

ముందుగా మీ ఆశలో న్యాయం ఉందని చెప్పాలి. గంటకు 8 డాలర్ల తేడా అంటే వారానికి 36 గంటల చొప్పున ఏడాదికి సుమారు 15,000. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2024 మే లెక్కల్లో కూడా ఈఎంటీల మధ్యస్థ వార్షిక వేతనం 41,340 డాలర్లు, పారామెడిక్‌లది 58,410. కాబట్టి మీ కంపెనీ చెబుతున్న తేడా గాలి మాట కాదు.

అలాంటప్పుడు ప్రైవేటు కోర్సులో వెంటనే చేరితే ఏడాది ముందే ఆ 15,000 అందుకోవచ్చు, ఫీజు 8,500 ఎక్కువైనా లాభమే కదా అనిపిస్తుంది. కాగితం మీద అది నిజమే. కానీ ఆ ఏడాది ఇల్లు ఎలా గడుస్తుందో అందులో కనిపించదు.

ఈఎంటీ కోర్సులా ఇది రెండు మూడు వందల గంటల్లో అయిపోయేది కాదు. క్లాసు, ల్యాబ్, ఆసుపత్రి డ్యూటీలు, అంబులెన్స్‌లో ఫీల్డ్ ఇంటర్న్‌షిప్ కలిపి మామూలుగా 1,200 గంటలు దాటుతుంది. ఆసుపత్రిలో, అంబులెన్స్‌లో చేసే ఆ గంటలకు సాధారణంగా జీతం ఉండదు. అంటే మీరు షిఫ్టులు తగ్గించుకోక తప్పదు. మొత్తం 720 గంటల జీతం వదులుకుంటారనుకుందాం, అంటే దాదాపు 13,000 డాలర్లు. 10 నెలల కోర్సులో అది నెలకు 1,300. దానికి 1,600 ఫీజు కలిపి, మీకు మిగిలే 600 తీసేస్తే, నెలనెలా 2,300 పొదుపులోంచి తీయాలి. 9,000 నాలుగు నెలలు కూడా రాదు. ఐదో నెల నుంచి క్రెడిట్ కార్డే గతి. ఆ టెన్షన్‌లో ఎక్కువ షిఫ్టులు ఒప్పుకోవడం, ల్యాబ్‌లు మిస్ కావడం, చివరికి మధ్యలో మానేయడం ఇలాగే మొదలవుతుంది. సగం చదివినవాళ్లకు ఎవరూ పారామెడిక్ సర్టిఫికెట్ కార్డు ఇవ్వరు, కట్టిన డబ్బు మాత్రం పోతుంది.

కాలేజీ లెక్క చూడండి. ఎనిమిది నెలలు 600 చొప్పున దాచితే చేరేనాటికి 13,800 ఉంటుంది. పోయే జీతం అదే 13,000, కానీ 14 నెలల మీద పడుతుంది కాబట్టి నెలకు 930 లోపే. మీకు మిగిలే 600 పోను తగ్గేది 330. కోర్సు పూర్తయ్యేసరికి జీతం వైపు 14 నెలలకు 4,600, ఫీజు 7,500 పోయినా చేతిలో 1,700 ఉంటుంది. తర్వాత కంపెనీ ఇచ్చే 5,000తో అది 6,700 అవుతుంది. బాబుకు జ్వరమొచ్చినా, కారు ఆగిపోయినా తట్టుకోగలరు.

ఎక్కడ చేరినా ముందు అక్రెడిటేషన్, అంటే కోర్సుకు అధికారిక గుర్తింపు ఉందేమో చూడండి. వైద్య సహాయక కోర్సులకు గుర్తింపునిచ్చే సీఏఏహెచ్ఈపీ సంస్థ గుర్తింపు గానీ, దాని తరఫున పారామెడిక్ కోర్సులను పరిశీలించే సీవోఏఈఎంఎస్‌పీ ఇచ్చే లెటర్ ఆఫ్ రివ్యూ (తాత్కాలిక గుర్తింపు లాంటిది) గానీ లేకపోతే, దేశమంతటికీ సర్టిఫికెట్ ఇచ్చే నేషనల్ రిజిస్ట్రీ వారి పారామెడిక్ పరీక్షకు అర్హత రాదు. 2013 నుంచి ఇదే నిబంధన. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే వినకండి, సీవోఏఈఎంఎస్‌పీ సైట్‌లో ఆ సంస్థ పేరు మీరే వెతకండి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది కోర్సు పూర్తి చేశారు అన్న లెక్కలు సంస్థలు బయటపెట్టాలి. నేనైతే రెండోదాన్ని మరీ జాగ్రత్తగా చూస్తాను, ఎందుకంటే మధ్యలో వెళ్లిపోయినవాళ్లు పాస్ శాతంలో కనిపించరు.

ఈ ఎనిమిది నెలల్లో చేయాల్సిన పని ఇంకొకటుంది. మీ షిఫ్టుల్లో ఎక్కువ భాగం డయాలసిస్ పేషెంట్లను తీసుకెళ్లి తీసుకురావడమే అయితే, 911 అత్యవసర కాల్స్ ఉన్న యూనిట్‌కు మార్చమని అడగండి. ఛాతీ నొప్పి కాల్ వచ్చినప్పుడు మీరు బీపీ చూసి, ఆస్పిరిన్ ఇస్తారు. పక్కనున్న పారామెడిక్ 12 లీడ్ ఈసీజీ చదివి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో తేలుస్తారు. పేషెంట్‌ను అప్పగించాక ఆ ఈసీజీ కాగితం చూపించమని అడగండి, ఏం చూశారో చెప్పించుకోండి. కోర్సులో చాలామందిని తిప్పలు పెట్టేవి కార్డియాలజీ, ఫార్మకాలజీ. అవి కొంత పరిచయమై వెళ్తే ఫెయిలై మళ్లీ ఫీజు కట్టే ప్రమాదం తగ్గుతుంది. అనాటమీ, ఫిజియాలజీ ముందే పూర్తి చేయాలేమో కూడా కాలేజీలో కనుక్కోండి.

తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ మీద ఆశ పెట్టుకోకండి. బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు ఇలాంటి కోర్సుకు అది రాదు, ఆ డిగ్రీ ఇండియాదైనా సరే. మీకు పనికొచ్చేది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను రాయితీ. మీరు కట్టే ఫీజులో 20 శాతం పన్నులో తగ్గుతుంది, ఉమ్మడిగా ఫైల్ చేస్తే మీ ఆదాయానికి పూర్తిగా వర్తిస్తుంది. కంపెనీ చదువు కోసం ఇచ్చే డబ్బుకు ఏడాదికి 5,250 దాకా పన్ను ఉండదు, కానీ ఆ భాగం మీద క్రెడిట్ అడగకూడదు. ఫీజు కట్టేది ఒక ఏడాది, కంపెనీ ఇచ్చేది మరో ఏడాది అయ్యే అవకాశం ఉంది కాబట్టి ఫైల్ చేసేముందు ట్యాక్స్ చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మీ బీఎస్సీ మరోచోట పనికొస్తుంది. టెక్సాస్‌లో ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ ఉన్న పారామెడిక్ లైసెన్స్‌డ్ పారామెడిక్ హోదాకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ డిగ్రీ ఇక్కడి బ్యాచిలర్స్‌కు సమానమని ఇవాల్యుయేషన్ చేయించి రాష్ట్ర ఆరోగ్య శాఖను అడగండి. ఇంకో దారీ ఉంది: అంబులెన్సులు కూడా నడిపే కొన్ని ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఈఎంటీలను తీసుకుని జీతం ఇస్తూ పారామెడిక్ చదివిస్తాయి. అగ్నిమాపక ఉద్యోగం ఇష్టమైతే ఆలస్యం చేయకండి, ఫైర్ ఉద్యోగాల నియామకాలకు టెక్సాస్ సివిల్ సర్వీస్ చట్టం వర్తించే ఊళ్లలో 36 ఏళ్లు వస్తే కొత్తగా తీసుకోరు.

ఇక ఆ బాండ్. రెండేళ్లు ఏ రోజు నుంచి లెక్క: చేరిన రోజా, కార్డు వచ్చిన రోజా? ఏడాదిన్నరకు వెళ్లిపోతే మిగిలిన ఆరు నెలల వాటా కడితే సరిపోతుందా, మొత్తం 5,000 వెనక్కివ్వాలా? కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే? ఆ రెండేళ్లూ గంటకు 26 తగ్గదని ఎక్కడైనా రాశారా? నోటిమాట మీద ఆధారపడకండి. ఇవన్నీ కాగితంలో ఉంటేనే సంతకం పెట్టండి. లేకపోతే ఆ 5,000 వదులుకుని మీ పొదుపుతోనే చదవండి, చివరికి 1,700 మిగులుతుంది, పైగా ఎక్కడ ఎక్కువ జీతమిస్తే అక్కడికి వెళ్లొచ్చు.