టీవీ డిబేట్లలో ఎప్పుడూ ఒక పక్షం వాళ్లే ఎందుకు ఎక్కువ కనిపిస్తారు? గెస్టులకు ఫోన్లు చేసిన మనిషిగా నా జవాబు

ప్రశ్న ఇదీ: రాజకీయ చర్చల్లో ఎప్పుడు చూసినా ఒక పార్టీ వాళ్లు, వాళ్లకు వంతపాడేవాళ్లే ఎక్కువమంది ఉంటున్నారు, ఛానెళ్లు ఇది కావాలనే చేస్తాయా అని. నేను ఒక న్యూస్ ఛానెల్లో నాలుగేళ్లు గెస్ట్ కోఆర్డినేషన్ చేశాను. రాత్రి ఎనిమిదింటి డిబేట్‌కు ఎవరు వస్తారు, స్టూడియోకే వస్తారా, వీడియో కాల్లో ఉంటారా, ఎవరికి కారు పంపాలి, ఎవరి పేరు కింద ఏమని రాయాలి, ఇదంతా నా పని.

అవును, కావాలనే చేస్తారు. కాకపోతే మీరు వెతుకుతున్న చోట అది దొరకదు. మీరు తెర మీద కిటికీలు లెక్కపెడుతున్నారు, ఈ పార్టీకి ఎన్ని, ఆ పార్టీకి ఎన్ని అని. ఆ లెక్క సరిపోయేట్టు ఛానెల్ వాళ్లే జాగ్రత్తపడతారు. మోసమంతా 'విశ్లేషకులు' అన్న మాటలో ఉంది, ఎవరికి ఎన్ని నిమిషాలు దక్కాయన్న దాంట్లో ఉంది.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. ఆ రోజు టాపిక్ కరెంటు చార్జీల పెంపు. మధ్యాహ్నం మీటింగులో లిస్టు ఖరారైంది: అధికార పక్షం ప్రతినిధి ఒకరు, ప్రతిపక్షం నుంచి ఒకరు, ఇద్దరు విశ్లేషకులు. కాగితం మీద చూస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఐదూ నలభైకి ప్రతిపక్షం ఆవిడ ఫోన్ చేసి "ఏమనుకోకమ్మా, పార్టీ మీటింగ్ పెట్టారు, రాలేను" అన్నారు. అక్కణ్నుంచి టెన్షన్ మొదలు. ఆ పార్టీ వాళ్లవి నా దగ్గరున్న నంబర్లన్నీ వరసగా కొట్టాను, పదకొండు. కొందరు ఎత్తలేదు, ఒకాయన ప్రయాణంలో ఉన్నానన్నారు, ఇంకొకాయన "మీ ఛానెల్‌కు మేం రాము, నీకు తెలుసుగా" అని పెట్టేశారు. చివరికి ఏడుంబావుకు ఆ పార్టీ యువజన విభాగంలో పనిచేసే కుర్రాడు ఒకడు దొరికాడు. చదువుకున్నవాడు, విషయం తెలిసినవాడు. కానీ బస్సులో ఉన్నాడు, వీడియో నిలవడం లేదు. సరే ఫోన్ లైన్లో తీసుకుందామన్నారు. ఆ కిటికీలో అతని ఫొటో ఒకటి వేశాం, ఎప్పుడో కండువా వేసుకుని దిగింది, మసకమసగ్గా ఉంది.

ఇక ఇద్దరు విశ్లేషకుల్లో ఒకాయన గురించి చెప్పాలి, పేరు వద్దు. చాలా మర్యాదస్తులు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఎన్నింటికి రమ్మంటావమ్మా" అనడమే తప్ప కాదనడం ఉండదు, చెప్పిన టైముకు పది నిమిషాల ముందే మేకప్ గదిలో ఉంటారు. మా డెస్కుకు అలాంటి గెస్టు దొరకడం అదృష్టం. అయితే ఆ ఏడాదే ప్రభుత్వం ఆయన్ని ఒక సలహా కమిటీలో వేసింది. తెర కింద పేరు, హోదా పడే బ్యాండును మేం ఆస్టన్ అంటాం. అందులో నేను ఆయన పేరు కింద ఆ కమిటీ సభ్యులని టైప్ చేశాను. ప్రొడ్యూసర్ నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "అది తీసెయ్, రాజకీయ విశ్లేషకులు అని వెయ్" అన్నాడు. ఉన్నదే కదన్నా వేశాను అంటే, "అట్లా వేస్తే రేపట్నుంచి ఆయన రాడు, ఐదున్నరకు మళ్లీ ఫోన్లు పట్టుకుని కూర్చునేది నువ్వే" అన్నాడు. తీసేశాను. విశ్లేషకులు అని టైప్ చేసింది నేనే, ఆ తప్పులో నాకూ భాగముంది, అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

షో మొదలైంది. అధికార పక్షం ప్రతినిధి స్టూడియోలో యాంకర్‌కు ఎదురుగా కూర్చున్నారు, చెయ్యెత్తితే చాలు, కెమెరా ఆయన మీదికి వస్తుంది. బస్సులో ఉన్న కుర్రాడికి మా మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది, అతను జవాబు మొదలుపెట్టేసరికి ఇక్కడ ఇంకొకరు అందుకుంటారు. "హలో, హలో, నన్ను పూర్తి చెయ్యనివ్వండి సార్" అని అతను అంటుండగానే కంట్రోల్ రూమ్‌లో ఆడియో చూసే అబ్బాయి బస్సు హోరు భరించలేక ఫేడర్ కిందికి దించి సౌండు తగ్గించాడు. అతన్ని తప్పు పట్టను, నిజంగానే చెవులు పగిలే మోత. కానీ ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? అడిగిన దానికి ప్రతిపక్షం దగ్గర జవాబు లేదు, నీళ్లు నములుతోంది అనిపిస్తుంది.

ఇంటికి వెళ్లేసరికి పదకొండయింది. నాన్న మేలుకునే ఉన్నారు, షో మొత్తం చూశారట. "బాగుందమ్మా ఇవాళ. అటొకరు, ఇటొకరు, మధ్యలో ఇద్దరు పెద్దమనుషులు. ఆ విశ్లేషకుడు మాత్రం పార్టీలతో పని లేకుండా ఉన్నదున్నట్టు మాట్లాడాడు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నాన్న రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి. ఆయన్నే మేం నమ్మించగలిగామంటే ఇక మామూలుగా చూసిపోయేవాళ్ల సంగతేమిటి?

మర్నాడు రికార్డింగ్ పెట్టుకుని ఫోన్లో స్టాప్‌వాచ్‌తో లెక్కగట్టాను. ప్రకటనలు పోగా మాటలన్నీ కలిపి 43 నిమిషాల లోపే. అధికార పక్షం ప్రతినిధికి 14 నిమిషాలు, కమిటీలో ఉన్న విశ్లేషకులకు 9, రెండో విశ్లేషకులకు 5, యాంకర్‌కు 11. బస్సులో కుర్రాడికి దక్కింది 3 నిమిషాల 40 సెకన్లు, అందులోనూ తొమ్మిదిసార్లు అడ్డు తగిలారు. ఆ తర్వాత ఓ నెలపాటు వీలు చిక్కినప్పుడల్లా ఇలాగే లెక్కపెట్టాను, వరస పెద్దగా మారలేదు. ఒక ఛానెల్, ఒక నెల, దీంతో ఏం తేలుతుందని అడగొచ్చు. వేరే చోట్ల ఇదే పని చేసే స్నేహితులు కూడా ఇదే చెప్పారు. ఎక్కడైనా ఇంతేనన్న దాంట్లో నాకు సందేహం లేదు.

ఈ విషయంలో ఫ్రాన్స్ వాళ్లు సరైన చోట వేలు పెట్టారని నా అభిప్రాయం. అక్కడ ఆర్కోమ్ అనే నియంత్రణ సంస్థ రాజకీయ నాయకులు టీవీలో, రేడియోలో ఎంతసేపు మాట్లాడారో లెక్క తీస్తుంది. అధ్యక్షుడికి, ప్రభుత్వానికి కలిపి మూడో వంతు, మిగతాది పార్టీలకు వాటి బలాన్ని బట్టి. ఇంత పకడ్బందీ లెక్కలోనూ ఒక కంత ఉండిపోయింది: నాయకుల నిమిషాలే లెక్కలోకి వచ్చేవి, వ్యాఖ్యాతలవి వచ్చేవి కావు. అన్ని వైపుల అభిప్రాయాలూ వినిపించడం లేదని ఫిర్యాదు చేసినా సీ న్యూస్ అనే ఛానెల్ మీద ఆర్కోమ్ చర్య తీసుకోలేదని, పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరి 13న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, అభిప్రాయాల వైవిధ్యాన్ని తేల్చేటప్పుడు నాయకులతో పాటు యాంకర్లు, వ్యాఖ్యాతలు, అతిథులు అందరి మాటలూ పరిగణనలోకి తీసుకోవాలని చెప్పింది. జర్నలిస్టులకు పార్టీ ముద్రలు వేస్తారా అని అక్కడ పెద్ద గొడవే అయింది. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఆ తీర్పు గురించి చదివినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది మా ఆస్టనే. మేం చేసిన పని కూడా ఆ కంతలోంచి దూరడమే కదా.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అమెరికాలో టీవీ, రేడియోలకు ఒకప్పుడు ఉన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నిబంధనను తెస్తారు, అది ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ సమానంగా టైమ్ ఇచ్చేవాళ్లని. ఇది వింటే నాకు చిరాకు. 1949లో పెట్టి 1987లో ఎత్తేసిన ఆ నిబంధనలో సమాన నిమిషాల మాటే లేదు. జనానికి ముఖ్యమైన వివాదాల మీద చర్చ పెట్టండి, భిన్నమైన అభిప్రాయాలకు చోటివ్వండి అన్నారు, అంతే. ఎన్నికల అభ్యర్థులకు సమాన అవకాశం అన్నది వేరే చట్టం, దాంట్లోంచి కూడా 1959లో వార్తలకు, వార్తా ఇంటర్వ్యూలకు మినహాయింపు ఇచ్చేశారు. రెండిటినీ కలిపేసి వాదించడం వల్ల అసలు సంగతి పక్కకు పోతుంది.

పార్టీల తప్పు లేదా అంటే బోలెడుంది. 2023 సెప్టెంబరులో ఇండియా కూటమి 14 మంది టీవీ యాంకర్ల కార్యక్రమాలకు తమ ప్రతినిధుల్ని పంపబోమని ప్రకటించింది. వాళ్ల కారణాలు వాళ్లకు ఉంటాయి, ఆ జోలికి పోను. ఏ పార్టీ ఎక్కడ బహిష్కరించినా గెస్ట్ డెస్కులో జరిగేది ఒకటే. ఆ కిటికీని ఖాళీగా వదలరు. 'ఫలానా పార్టీ సానుభూతిపరుడు' అని ఒకర్ని తెచ్చి కూర్చోబెడతారు. పార్టీ అతన్ని పంపలేదు, లోపల ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అతనికి తెలియదు, గట్టిగా నాలుగు ప్రశ్నలు వేస్తే నిలబడలేడు. ఓడిపోవడానికే పిలిచినట్టుంటుంది. అలాంటివాళ్ల నంబర్లతో నా దగ్గర విడిగా ఒక లిస్టే ఉండేది. రాకపోతే నష్టం ఛానెల్‌కు అనుకునే పార్టీలు ఇది గ్రహించవు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఆ కరెంటు చార్జీల రోజు నేను రాసిన మొదటి లిస్టులో ఒక రిటైర్డ్ ఇంజనీరు పేరుంది. ఉద్యోగమంతా విద్యుత్ రంగంలోనే చేశారు. చార్జీ ఎలా లెక్కగడతారో, బొగ్గు ఖర్చు ఎంత పడుతుందో, కరెంటు లైన్లలో ఎంత పోతుందో చిన్నపిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెబుతారు. మీటింగులో ఆయన పేరు కొట్టేశారు. "ఆయన గొంతు లేవదు" అన్నారు. ఆ రంగంలో పనిచేసిన ఒక్క మనిషి కూడా లేకుండా కరెంటు చార్జీల మీద గంటసేపు షో నడిపాం. ఆడవాళ్ల సంగతీ అంతే. ప్రతిపక్షం ఆవిడ పార్టీ మీటింగుకు వెళ్లిపోయాక ఆ రోజు ప్యానెల్లో ఒక్క ఆడగొంతు లేదు, అది ఎవరికీ లోటుగా తోచనేలేదు.

మళ్లీ మీ ప్రశ్నకు వస్తాను. నాలుగేళ్లలో ఎవరూ నన్ను పిలిచి ఫలానా పార్టీని తగ్గించు అని చెప్పలేదు. ఫోన్ ఎత్తేవాళ్లనే మళ్లీ మళ్లీ పిలిచాం. అధికారంలో ఉన్నవాళ్లకు మనుషులెక్కువ, ఎప్పుడడిగినా ఎవరో ఒకర్ని పంపగలరు. నేను ఉండగానే ఒకసారి ప్రభుత్వం మారింది. మూడు నెలలు తిరిగేసరికి స్టూడియోలో కూర్చునేవాళ్లూ ఫోన్ లైన్లో హలో హలో అనేవాళ్లూ తారుమారయ్యారు. అక్కడిదాకా అది అలవాటో బద్ధకమో అనుకుందాం. ఆస్టన్‌లో ఉన్న నిజాన్ని తీసేసి ఇంకో మాట వెయ్యమనడం మాత్రం బద్ధకం వల్ల జరిగేది కాదు. అది తెలిసే చేశారు, నేనూ తెలిసే చేశాను.

గెస్టుల్ని తూకం వేసి తెమ్మని నేను అడగను, ఐదూ నలభైకి ఆ తూకం నిలవదని నాకు బాగా తెలుసు. వచ్చినాయన ఎవరో రాయండి, అంతే. ఆస్టన్‌లో రెండు లైన్లుంటాయి. పైన పేరు, కింద హోదా. 'ప్రభుత్వ సలహా కమిటీ సభ్యులు' అంటే కింది లైన్లో సగం కూడా నిండదు. ఆ సాయంత్రం టైప్ చేసి చూశాను, ఇంకా చాలా చోటు మిగిలింది.